పుంగనూరు దూడ ఏమైంది? పిల్లల సస్పెన్స్ నవలలపై ఒక సంవాదం

అయ్యవారు: వేసవి సెలవుల్లో పిల్లలతో చదివించాలని నువ్వు రాసిన జాబితా చూసినానమ్మా. సగానికి పైగా దొంగలు, నిధులు, చీకటి కోటలు, మాయమైన మనుషులు. నా అభ్యంతరాలు చాలా ఉన్నాయి గానీ పెద్దది ముందు చెప్తాను. సస్పెన్స్ నవల పట్టుకున్న పిల్లవాడు దాని చివరి పేజీ కోసమే చదువుతాడు. మధ్యలో వచ్చే వాన, చెట్టు, ఒక ముసలామె మాట తీరు, ఒక మంచి వాక్యం, ఇవన్నీ వాడికి అడ్డు. దొంగ ఎవరో తెలిసిన మరుక్షణం ఆ పుస్తకంతో వాడికి పని తీరిపోతుంది. రెండోసారి తెరవడు. భాష మీద రుచి పుట్టాల్సిన వయసులో భాషను దాటుకుని పోవడం నేర్పిస్తున్నాం.

లైబ్రేరియన్: మీరు చెప్పే పిల్లవాడికి ధారాళంగా చదవడం వచ్చు సార్. మా కుప్పంలో నా ఎదురుగా కూర్చునే పిల్లల సంగతి వేరు. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు ఉన్నారు, కన్నడం మాట్లాడేవాళ్లు ఉన్నారు. తెలుగింటి పిల్ల కూడా బడిలో ఇంగ్లీషు మీడియమే. అక్షరాలు వచ్చు, కానీ కూడబలుక్కుని చదువుతారు. ఒక పేజీ పూర్తయ్యేసరికే అలసిపోతారు. అట్లాంటి పిల్ల రెండో పేజీ తిప్పాలంటే ఏదో ఒక కారణం కావాలి. మంచి వాక్యం ఆ కారణం కాలేదు, అది మంచి వాక్యమని పట్టుకునేంత తెలుగు ఇంకా చెవికెక్కలేదు కాబట్టి. నీతి అసలే కాలేదు. తర్వాత ఏమైంది అన్న ప్రశ్న ఒక్కటే ఆ పని చేయగలదు. చందమామ చేసిందీ అదే కదా. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు. నెలకు కొన్నే పేజీలు. ప్రమాదం ముంచుకొచ్చే చోట సరిగ్గా ఆపేవారు. ఆ పేజీల కోసం పోస్టుమాన్ దారి కాచిన తరం మీదే.

అయ్యవారు: మాదే, కాదనను. చిత్రా గీసిన బొమ్మలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. కానీ రెండు సంగతులు వదిలేస్తున్నావు. ఒకటి, ఆ నెల రోజుల ఎడం. నెలంతా మేము జరిగిన కథను నెమరేసుకున్నాము, జరగబోయేదాన్ని మాకు మేమే కల్పించుకున్నాము. మాతో ఆ పని చేయించింది సస్పెన్స్ అని నువ్వంటావు, ఆ ఎడం అని నేనంటాను. ఇప్పుడు నువ్విచ్చే నవల ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. రెండోది, ఆ సీరియల్‌కు ముందూ వెనకా బేతాళ కథలుండేవి, పురాణముండేది, కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిలో పడి సాఫీ అయిన తెలుగు ఉండేది. సీరియల్ కోసం తెరిచినవాడు మిగతాది కూడా చదివేవాడు. నీ జాబితాలో ఆ మిగతాది ఏది?

లైబ్రేరియన్: కుటుంబరావు గారి పేరెత్తారు కాబట్టి ఒక మాట. డిటెక్టివ్ యుగంధర్‌నీ, ఆయన అసిస్టెంట్ రాజునీ సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు గారు ఆయనకు బావమరిది. ఒకరు పిల్లల పత్రికను తీర్చిదిద్దారు, ఇంకొకరు అపరాధ పరిశోధక నవలలతో పేరు తెచ్చుకున్నారు. చుట్టరికంలో ఇంత దగ్గరగా ఉన్న ఆ రెండు రచనలనూ మన పెద్దలు ఒక పంక్తిలో కూర్చోనివ్వలేదు. మంచి పుస్తకాలు పిల్లలకు, డిటెక్టివ్ పుస్తకాలు పెద్దలకు అని విడదీశారు. పదకొండు, పదిహేనేళ్ల మధ్య ఉన్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. బెంగాల్‌లో అట్లా జరగలేదు సార్. ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టిన సందేశ్ అనే పిల్లల పత్రికను మనవడు సత్యజిత్ రాయ్ 1961లో మళ్లీ మొదలుపెట్టారు. 1965లో అందులోనే ఫెలూదా అనే డిటెక్టివ్ పుట్టాడు. ప్రపంచమంతా తెలిసిన సినిమా దర్శకుడు పిల్లల కోసం డిటెక్టివ్ కథలు రాయడాన్ని చిన్నతనం అనుకోలేదు. డార్జిలింగ్, లక్నో, జైసల్మేర్, ఒక్కో కథ ఒక్కో ఊరు. ఫెలూదా నవల సోనార్ కెల్లా చదివిన బెంగాలీలు జైసల్మేర్ కోట చూడటానికి ఇప్పటికీ వెళ్తుంటారు. గుర్రంకొండ కోట మదనపల్లెకు అంత దగ్గర. కొండ మీద బురుజులు, కింద రంగీన్ మహల్, హైదరలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ సమాధి. ఏ తెలుగు నవల చదివి ఏ పిల్లవాడు ఆ కోట చూపించమని అడిగాడు?

అయ్యవారు: పదకొండు, పదిహేనేళ్ల మధ్య చోటు ఖాళీగా లేదమ్మా. దాన్ని మధుబాబు నవలల హీరో షాడో నింపినాడు. మదనపల్లెలో, పుంగనూరులో అద్దె పుస్తకాల అంగళ్లు ఎట్లా నడిచేవో నాకు తెలుసు. మధుబాబు కొత్త నవల వస్తే చేతులు మారి మారి అట్ట ఊడిపోయేది. తెలుగు వాచకం లోపల షాడోను దాచుకుని చదివిన పిల్లలకు నేను పాఠం చెప్పినాను. కులకర్ణి, శ్రీకర్, గంగారాం, బిందు, ఈ పేర్లు వాళ్లకు కవుల పేర్ల కన్నా బాగా తెలుసు. ఇది తొలిమెట్టు, రేపు పైకి వస్తారు అని అందరూ అన్నారు. ఏమైంది? ఇంటింటికీ టీవీ వచ్చింది, ఆ తర్వాత ఫోన్ వచ్చింది, అంగళ్లు మూతపడినాయి. ఆ పాఠకులు పైమెట్టుకు పోలేదు. పుస్తకం నన్ను లాక్కుపోవాలి అని నేర్చుకున్నవాడు, ఇంకా గట్టిగా లాగేది దొరికిన రోజున పుస్తకాన్ని వదిలేస్తాడు. లాగడంలో కాగితం తెరతో ఎన్నటికీ గెలవదు. ఆ పోటీలోకి పిల్లల్ని మనమే దింపి, ఓడిపోయినాక మళ్లీ మనమే బాధపడటం ఎందుకు?

లైబ్రేరియన్: ఇది బరువైన మాట సార్. పూర్తి జవాబు ఉందని చెప్పను. చదివినవాళ్లలో చాలామంది నిలవలేదు, నిజమే. కానీ సస్పెన్స్‌లో తెర చేయలేని పని ఒకటి ఉంది. నలభయ్యో పేజీలో ఒకడు ఆ రాత్రి నేను ఊళ్లో లేనంటాడు. పన్నెండో పేజీలో వాడి చెప్పులకు మా ఊరి చెరువు మట్టి అంటుకుని ఉందని రచయిత ఊరికే అన్నట్టు ఒక మాట రాశాడు. పిల్ల అక్కడ ఆగుతుంది. వేళ్లతో పేజీలు వెనక్కి తిప్పి ఆ వాక్యాన్ని వెతుకుతుంది. వర్ణన అని దాటేసిన చోటే ఆధారం ఉంది. ఆ తర్వాత ఏ వర్ణననూ దాటెయ్యడానికి ధైర్యం చాలదు. వాక్యాన్ని ఆగి, మళ్లీ చదవడమే కదా మీరు కోరేది? దొంగను పట్టించే ఆధారాలన్నీ పాఠకుడి కంట కూడా పడాలని డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే నియమాలు రాశాడు. ఆ నియమం పాటించిన నవల చదివితే పిల్ల ప్రతి వాక్యాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది.

అయ్యవారు: పాటించిన నవల అంటున్నావు. అట్లాంటివి నీ అరలో ఎన్ని?

లైబ్రేరియన్: తక్కువ. చివరికి అదంతా కల అని తేల్చినవి ఉన్నాయి. ఎక్కడి నుంచో ఉత్తరం వచ్చి రహస్యమంతా విప్పేసినవి ఉన్నాయి. పిల్లవాడికి చూపించని ఆధారాన్ని చివర్లో జేబులోంచి తీసే డిటెక్టివ్‌లు ఉన్నారు. వాటిని నేను సమర్థించను. బాగా రాసినవి తక్కువ కాబట్టి ఆ దారే వద్దంటే మాత్రం ఒప్పుకోను. నందూరి రామమోహనరావు గారు స్టీవెన్సన్ నవలను కాంచనద్వీపంగా తెచ్చారు, టామ్ సాయర్‌నూ హకల్‌బెరీ ఫిన్‌నూ తెచ్చారు. అవీ సాహసాలే. వాటి తెలుగును మీరు క్లాసులో మెచ్చుకున్నవారే.

అయ్యవారు: మెచ్చుకున్నాను. ఇప్పుడూ మెచ్చుకుంటాను. అయితే వాటిలో ద్వీపాలూ నదులూ దూరంగా ఉన్నాయి. నువ్వు ఇక్కడి కథలు కావాలంటున్నావు, నాకు అసలు భయం అక్కడ ఉంది. 2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పుట్టింది. మన పల్లెల్లో కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాసినారు. సరిహద్దు అవతల వేలూరు, తిరువణ్ణామలై జిల్లాల్లో ప్రాణాలే పోయినాయి. గుడికి పోతూ దారిలో ఆగి, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు ఒక వృద్ధురాలిని కొట్టి చంపినారు. ఆ గుంపులో ఉన్నవాళ్లకు అనుమానించడం నేర్పిందెవరు? కొత్త మనిషి, తెలియని భాష, ముఖం మీద మచ్చ, చేతిలో సంచి. మన సస్పెన్స్ కథల్లో దొంగ ఆనవాళ్లు ఇవే. పిల్లలు ఈ ఆనవాళ్లను కథలో నేర్చుకుంటారు, వీధిలో వాడతారు.

లైబ్రేరియన్: ఆ గుంపుకు లేనిది ఏమిటో చూడండి సార్. ఆధారం అడిగే అలవాటు లేదు. పుకారుకు మొదటి అనుమానమే చివరి తీర్పు. మంచి మిస్టరీ మొదటి అనుమానాన్ని తప్పని నిరూపించడానికే రాస్తారు. ఎరిక్ కెస్ట్నర్ 1929లో రాసిన ఎమిల్ కథ మీకు తెలుసు. తల్లి ఇంట్లోనే జుట్టు దిద్దే పని చేసి కూడబెట్టిన 140 మార్కులు. బెర్లిన్‌కు పోయే రైల్లో ఎమిల్ నిద్రపోతే ఒకడు ఆ డబ్బు కొట్టేశాడు. ఊళ్లో విగ్రహానికి మీసాలు గీసి వచ్చాడు కాబట్టి పోలీసుల దగ్గరికి పోవడానికి వాడికి భయం. బెర్లిన్ పిల్లలు గుంపుగా ఆ దొంగ వెంటపడతారు, బ్యాంకులో చుట్టుముడతారు. ఎవరూ చెయ్యి చేసుకోరు. ఆ నోట్లు ఎమిల్‌వే అని తేల్చింది నోట్లలో ఉన్న గుండుసూది రంధ్రాలు. పోకుండా ఉండాలని వాడే వాటిని జేబులో గుచ్చిపెట్టుకున్నాడు. గుంపు ఉంది, కోపం ఉంది, దొంగ చేతికి చిక్కాడు, అయినా సూది రంధ్రం చూపించేదాకా ఆగారు. 2018లో మనకు కావలసింది ఆ పిల్లల ఓపికే.

అయ్యవారు: బాగా చెప్పినావు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. రైల్లో ఆ దొంగ ఎమిల్‌కు ఏమిచ్చినాడు?

లైబ్రేరియన్: చాక్లెట్.

అయ్యవారు: చాక్లెట్ ఇచ్చిన కొత్త మనిషి, తలమీద టోపీ, నోట్లో ఏవో అబద్ధపు కబుర్లు. ఎమిల్ మొదట అనుమానించింది వాడిని, చివరికి దొంగా వాడే. నువ్వు తెచ్చిన మేలైన పుస్తకంలోనే మొదటి అనుమానం నిజమైంది. సూది రంధ్రం సంగతి పిల్లవాడికి గుర్తుంటుందా, చాక్లెట్ గుర్తుంటుందా? పైగా చివర్లో వెయ్యి మార్కుల బహుమానం. పరాయివాణ్ణి పట్టిస్తే డబ్బొస్తుందని కూడా నేర్పింది.

లైబ్రేరియన్: దెబ్బ సరిగ్గా తగిలింది సార్. ఎమిల్‌ను నేను వదులుకోను, కానీ ఈ ప్రశ్నను పిల్లల ముందు పెట్టకుండా ఇకమీదట ఆ పుస్తకం ఇవ్వలేను. మన నేల మీద రాసే నవలలో కొత్త మనిషిని ఊరంతా అనుమానించాలి, పిల్లలూ అనుమానించాలి, ఆధారాలు మాత్రం ఇంకో వైపు నడవాలి. అట్లా రాయాలని మీ మాటతో గట్టిగా అనిపిస్తోంది.

అయ్యవారు: నిధి వేట సంగతి కూడా తేల్చు. సాహస నవల అంటే నిధి ఉండి తీరాలి. రాయలసీమలో గుప్తనిధుల పేరుతో జరిగే పని ఏమిటో నీకు తెలుసు. అమావాస్య రాత్రి పాడుబడ్డ గుళ్లలో గుంతలు తవ్వడం, నందిని పగలగొట్టడం, కోట గోడలు పెకలించడం, వెంట ఒక మంత్రగాడు. ఇంగ్లండు పిల్లలకు నిధి ఒక ఆట. ఇక్కడ అది నేరం, మూఢనమ్మకం కూడా. గుర్రంకొండ కింద నిధి ఉందని నవల రాస్తే రేపు గడ్డపారలు పట్టుకుని పోయేవాళ్లకు తోవ చూపించినట్టే.

లైబ్రేరియన్: అందుకే అక్కడ నవల కావాలి సార్. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దొరికినవాళ్లు దాచుకోకూడదు. ముగ్గురు పిల్లలకు కోట దగ్గర ఒక రాగి నాణేల కుండ దొరికిందనుకోండి. ఒకడు చెబుదామంటాడు, ఒకడు అమ్ముదామంటాడు, ఇంకొకడి మేనమామ గడ్డపార ముఠాలోనే ఉన్నాడు. ఇక్కడ సస్పెన్స్ నిధి ఎక్కడుందన్నది కాదు. ఆ పిల్లలు ఎవరిని నమ్మాలి అన్నది. మీరు చెప్పిన నేరాన్ని నవల దాచదు, నడిమధ్యలో పెడుతుంది.

అయ్యవారు: దాన్ని నేను చదువుతాను. కానీ పిల్లలు ఎక్కడెక్కడికి పోతారో అది కూడా చూడు. చిగరగుంట, బిసానత్తం బంగారు గనులు 2001లో మూతపడినాయి. కోలారు గనులు మూసిన ఏడాదే. కుప్పం చుట్టూ గ్రానైటు తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి. పలమనేరు వైపు కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగి పంట తొక్కుతున్నాయి, మనుషుల్ని చంపుతున్నాయి. లండన్ పిల్లవాడికి పాత గని అంటే అట్ట మీది బొమ్మ. కుప్పం పిల్లవాడికి అది సైకిల్ మీద పోదగిన చోటు. రాత్రి టార్చిలైటుతో గనిలో దిగిన కథానాయకుడిని నువ్వు చూపిస్తే, మరుసటి ఆదివారం ఎవడు దిగుతాడో నీకు తెలుసా?

లైబ్రేరియన్: తెలియదు. ఆ జాగ్రత్త రచయితకు ఉండాలి. కానీ ఒకటి ఆలోచించండి. ఆ పిల్లవాడికి గని గురించి ఇప్పుడు ఎవరు చెబుతున్నారు? పోవద్దు అని ఒక్క ముక్క చెప్తారు, అంతే. ఎందుకు మూసేశారు, లోపల నీళ్లెట్లా నిండుతాయి, గాలి ఎట్లా చెడుతుంది, పని పోయిన కుటుంబాలు ఏమయ్యాయి, ఇవేవీ చెప్పరు. ఏనుగు సంగతీ అంతే. రాత్రి టపాకాయలు కాలుస్తూ పొలం కాచే తండ్రి ఉన్న పిల్లకు సాహసం అంటే ఏమిటో మనం నేర్పక్కర్లేదు. ఆమె ఇంట్లో జరిగేది పుస్తకంలో కనపడితే చాలు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పాకాలకు చెందిన కలువకొలను సదానంద గారి పిల్లల నవల అడవితల్లికి 2010లో సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న మొదటి పుస్తకం మన జిల్లా నుంచే. ఆ దారిలో ఎందరు నడిచారు చెప్పండి.

అయ్యవారు: ఇంకో సంగతి. భయం. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మన మదనపల్లెలో పుట్టినాడు. భయం లేని చదువు గురించి జీవితమంతా చెప్పినాడు. ఆయన ఆశయంతో నడిచే బడి రిషివ్యాలీ మదనపల్లెకు దగ్గరే. అట్లాంటి నేల మీద పిల్లలకు భయాన్నే రుచిగా వండి పెట్టడం నాకు నచ్చదు.

లైబ్రేరియన్: భయాన్ని చూసి పారిపోకుండా దాన్నే గమనించమని కదా ఆయన చెప్పింది. దీపం వెలుగులో, అమ్మ పక్కన కూర్చుని భయపడే పిల్ల ఆ భయాన్ని గమనించగలదు. పుస్తకం మూసే హక్కు ఆమె చేతిలో ఉంటుంది. బడిలో పరీక్ష భయానికి ఆ హక్కు లేదు.

అయ్యవారు: పరీక్ష భయం గురించి నాతో వాదించవద్దు, అక్కడ నేను నీ పక్షమే. మా వాచకాల్లోని పాఠాలు చాలావాటికి పేరు చూస్తేనే ముగింపు తెలిసిపోతుంది. పిల్లవాడు అడగడానికి ప్రశ్న మిగలదు. ఆ లోపం మా వైపు ఉంది. దానికి మందు సస్పెన్స్ అంటేనే నమ్మలేను.

లైబ్రేరియన్: చదువుకున్నవాళ్లు ఎప్పుడూ నమ్మలేదు సార్. చౌక సాహస నవలలు పిల్లల మెదళ్లను పేల్చేస్తున్నాయని అమెరికాలో బాయ్ స్కౌట్ల గ్రంథాలయ బాధ్యుడు ఫ్రాంక్లిన్ మాథ్యూస్ 1914లోనే వ్యాసం రాశాడు. ఎనిడ్ బ్లైటన్ రచనల్లో సత్తా లేదని బీబీసీ ఏళ్ల తరబడి ఆమెను దూరం పెట్టింది. ఆ పిల్లలు చెడిపోలేదు.

అయ్యవారు: చెడిపోలేదని నువ్వు, ఎదగలేదని నేను. అది ఇక్కడ తేలేది కాదు, వదిలెయ్. ఆ బ్లైటన్ పిల్లలకు సెలవులుంటాయి, డబ్బాలో తినుబండారాలుంటాయి, వెళ్లిరమ్మనే పెద్దలుంటారు. మన ఆడపిల్ల టమాటా కోతకు పోతుంది, తమ్ముణ్ణి చూసుకుంటుంది, చీకటి పడితే గడప దాటదు. ఆమెకు ఏ సాహసం రాస్తావు?

లైబ్రేరియన్: అది చెప్పడానికే వచ్చాను. గడప దాటని సాహసం ఒకటి నా మనసులో ఉంది. పుంగనూరు పక్కన పల్లె, పన్నెండేళ్ల పిల్ల, ఇంట్లో ఒక పుంగనూరు ఆవు, దాని దూడ. ఈ జాతి సంగతి మీకు చెప్పక్కర్లేదు. పెరిగిన ఆవు ఎత్తు మూడడుగులు అటూ ఇటూ, పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని పేరు. ఒకప్పుడు అంతరించిపోతుందని పలమనేరు దగ్గరి పశు పరిశోధన స్థానంలో కాపాడుకున్నారు, ఇప్పుడు లక్షలు పెట్టి కొనేవాళ్లున్నారు. ఒక తెల్లవారి దూడ లేదు. తాడు తెగలేదు, విప్పి ఉంది. కుక్క మొరగలేదు. ముందురోజు సంతలో తమిళం మాట్లాడే ఒక బేరగాడు దూడను తడిమి చూశాడు. ఊరంతా వాణ్ణే అంటుంది.

అయ్యవారు: వాడు కాదు.

లైబ్రేరియన్: కాదు. వాడు ఆ రాత్రి కుప్పం స్టేషన్లో బెంగళూరు బండి కోసం కూర్చున్నాడు, టికెట్ ఉంది. ఆ తర్వాత అనుమానం పశువుల కాపరి మీదికి పోతుంది, పేదవాడు కాబట్టి. వాడూ కాదు. పిల్ల బయట ఎక్కడికీ పోదు. ఇంట్లోనే చూస్తుంది. కుక్క ఎవరిని చూసి మొరగదు? ఆ ముడి విప్పడం ఎవరికి వచ్చు? 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటి పోయింది. ఆ ధర చూసి నాన్న బోరు వేయించి, అప్పు తెచ్చి పంట పెట్టాడు. పంట చేతికొచ్చేసరికి ధర కూలిపోయింది. అప్పులవాళ్లు ఇంటికి వస్తున్నారు. దూడను రాత్రికి రాత్రి అమ్మింది నాన్నే. అమ్మకు కూడా చెప్పలేదు.

అయ్యవారు: ...ఇది మాత్రం నాకు మింగుడుపడదమ్మా. పన్నెండేళ్ల పిల్లతో తండ్రిని పట్టిస్తావా? డిటెక్టివ్ నవలలో నేరస్థుడు దొరికితే పాఠకుడికి తృప్తి. ఇక్కడ ఆ తృప్తి ఏ రూపంలో వస్తుంది? నాన్న దొరికిపోయినాడు అని పిల్ల చప్పట్లు కొడుతుందా? ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ఎట్లా వడ్డించుకుంటారు? నీ నవల తలుపు దగ్గర ఆగిపోతుంది. అసలు కథ లోపల ఉంది.

లైబ్రేరియన్: ఆగకూడదు. దూడ సంగతి తేలిన తర్వాత ఇంకా మూడు అధ్యాయాలు ఉండాలి. పిల్లకు తెలుసు, నాన్నకు పిల్లకు తెలుసని తెలియదు. కాపరి మీద నింద ఇంకా పోలేదు. నిజం చెబితే నాన్న పరువు పోతుంది, చెప్పకపోతే కాపరి బతుకు పోతుంది.

అయ్యవారు: చూసినావా, నువ్వు నా దగ్గరికే వచ్చినావు. ఎవరు చేసినారో తెలిసిపోయినాక కూడా పాఠకుడు నిలిచే నవల. నేను మొదటినుంచి అడుగుతున్నది అదే. దానికి సస్పెన్స్ అక్కర్లేదు. మొదటి పేజీలోనే చెప్పెయ్, నాన్న దూడను అమ్మినాడని. ఆ తర్వాత ఆ ఇంటి కథ చెప్పు. మన జిల్లా మాటలో చెప్పు, నామిని మిట్టూరోడి కథలు చెప్పినట్టు ఇంటి పలుకుతో. నీ పిల్లలు చదువుతారో లేదో చూద్దాం.

లైబ్రేరియన్: ఇంటి పలుకు విషయంలో మీతో పేచీ లేదు. కూడబలుక్కుని చదివే పిల్లకు కూడా తన ఇంట్లో వినే మాట అచ్చులో కనపడితే దారి సులువవుతుంది. మొదటి పేజీలో చెప్పెయ్యడానికి మాత్రం ఒప్పుకోను. కూడబలుక్కునే పిల్ల ఆ మూడు అధ్యాయాల దాకా రానే రాదు, ఇది ఒకటి. రెండోది ఇంకా ముఖ్యం. ముందే చెప్పేస్తే పాఠకురాలు నాన్న మీద తీర్పు ఇచ్చేసి కూర్చుంటుంది. చెప్పకపోతే ఆమె కూడా బేరగాణ్ణి అనుమానిస్తుంది, కాపరిని అనుమానిస్తుంది, వాళ్లిద్దరూ కాదని తెలిసి సిగ్గుపడుతుంది. ఆ సిగ్గు తర్వాత నాన్న దగ్గరికి వస్తుంది. మీరు 2018 గురించి చెప్పారే, ఆ గుంపులో తానూ నిలబడి ఉండేదాన్నని ఆమెకు తెలియాలంటే, తప్పుడు అనుమానం ఆమె చేతులమీదుగానే జరగాలి.

అయ్యవారు: ఆ బాధ పన్నెండేళ్ల పిల్ల మోయాలా?

లైబ్రేరియన్: అప్పులవాళ్లు వచ్చినప్పుడు నాన్న ఇంట్లో లేడని గడపలో నిలబడి చెప్పేది ఆ పిల్లే సార్. అది ఇప్పుడే మోస్తోంది.

అయ్యవారు: మోస్తోంది కాబట్టే పుస్తకంలోనైనా దించుకోనివ్వమంటున్నా. నువ్వు ఆ బరువుకు ఒక చిక్కుముడి కూడా కడుతున్నావు. సరే. ఆ మూడు అధ్యాయాలు రాయించు. ముందు అవి చదువుతాను, దూడ పోయిన అధ్యాయం ఆ తర్వాత చదువుతాను. అవి నిలబడితే మొదటి పేజీ గురించి మళ్లీ వాదించుకుందాం. అంతవరకు జాబితాలో దొంగల పుస్తకాలు సగానికి తగ్గించు.

లైబ్రేరియన్: తగ్గించను సార్. మీరు చెప్పే పుస్తకాలు ఇంకో అర నిండా పెడతాను. రూపాయి ఆస్తిపన్నుకు 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు మన ఊళ్లవాళ్లు, ఆ డబ్బుతో వచ్చే అరల్లో పోటీ పరీక్షల పుస్తకాలే నిండిపోతున్నాయి. ఏవి పెట్టాలో మీరే రాసివ్వండి. ఏ అర ముందు ఖాళీ అవుతుందో, ఏ పుస్తకం రెండోసారి బయటికి పోతుందో రిజిస్టర్‌లో ఇద్దరం చూద్దాం.

అయ్యవారు: రెండోసారి ఎవరు తీసుకుపోతారో, ఆ పేరు కూడా రాయి.